తవుడు నూనె పైలట్ డైరీ: ఏది తీసివేయాలి, ఏది మిగుల్చుకోవాలి

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక అద్దె షెడ్డులో మా చిన్న బృందం ఈ ఏడాది మొదలుపెట్టిన పైలట్ పని ఎంతవరకు వచ్చిందో నెలలవారీగా ఇక్కడ నమోదు చేస్తున్నాను. తవుడు నూనెను క్షారం, నీరు, వేడి వీలైనంత తక్కువగా వాడి శుద్ధి చేయడం, ఆ శుద్ధిలో వేరుపడే మైనంతోనే అదే నూనెను గడ్డకట్టించి బేకరీలు వాడే వనస్పతికి ప్రత్యామ్నాయం తయారుచేయడం మా ఉద్దేశం. నూనె శుద్ధి అంటే ఇప్పటిదాకా వరుసగా సాగే తీసివేతలే. ముందు జిగురు, తరువాత ఆమ్లం, ఆపైన రంగు, మైనం, చివరికి వాసన తీసివేస్తారు. ప్రతి తీసివేతతో పాటు కొంత మంచి నూనె పోతుంది, కొంత ఆవిరి, కొంత నీరు ఖర్చవుతాయి. ఈ తీసివేతలలో ఏవి నిజంగా అవసరమో, ఏవి ముందు దశలో జరిగిన జాప్యానికి మనం చెల్లిస్తున్న జరిమానాలో తేల్చుకోవాలన్నదే ఈ పని వెనుక ఉన్న ప్రశ్న.

తవుడునే ఎందుకు ఎంచుకున్నామో కూడా చెప్పాలి. మన దేశం వాడుకునే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి అవుతోంది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను ఆపివేసి, మే 23న తిరిగి అనుమతించిన ఆ కొద్ది వారాలలోనే ఈ ఆధారం ఎంత బలహీనమైనదో అందరికీ అర్థమైంది. అంతకు ముందు ఏడాదే కేంద్రం రూ.11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్‌ను ప్రకటించింది. అయితే ఆయిల్‌పామ్ మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గాని గెలలు చేతికి రావు, పైగా దానికి నీరు కావాలి. తవుడుకు అదనంగా ఒక్క సెంటు భూమి గాని, ఒక్క తడి నీరు గాని అక్కరలేదు. బియ్యం పట్టిన ప్రతి చోటా అది ఇప్పటికే ఉంది. ఏటా సుమారు 10 లక్షల టన్నుల తవుడు నూనెతో ప్రపంచంలో మన దేశమే ముందున్నది. ఇంకా ఎంతో తవుడు నూనె తీయకుండానే దాణాలోకి పోతోంది, తీసిన నూనెలో కూడా కొంత తినడానికి పనికిరాక సబ్బుల తయారీకి చేరుతోంది.

జనవరి: తవుడు

నెల్లూరు వైపు నుంచి ధాన్యం, బియ్యం చెన్నై ఉత్తర శివార్లలోని రెడ్‌హిల్స్ మిల్లులకు రావడం పాత వ్యవహారమే. మాకు తవుడు ఇవ్వడానికి ఒప్పుకున్న మిల్లు యజమానిది కూడా నెల్లూరు జిల్లాయే కావడంతో మాటలు తేలికగా సాగాయి. మేము రాసుకున్న పట్టికను ఆయన ఓపికగా చూసి, "నూనె సంగతి మీరు చూసుకోండి సార్. తవుడు మాత్రం పట్టిన పూటే ఎత్తకపోవాల. రేపొస్తామంటే అది దాణాకే" అని చెప్పారు. ఈ పరిశ్రమ మూల సమస్యను అంతకన్నా సూటిగా చెప్పిన వారిని నేను చూడలేదు.

గింజలో నూనె ఒక పొరలోనూ, దానిని విడగొట్టే లైపేజ్ అనే ఎంజైము మరొక పొరలోనూ ఉంటాయి. బియ్యానికి పాలిష్ పట్టగానే ఆ రెండు పొరలూ నలిగి ఒకటవుతాయి. ఆ క్షణం నుంచి నూనె గంటగంటకూ విడిపోతూ స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. మిల్లుల్లో దీన్ని ఎఫ్ఎఫ్ఏ అంటారు. తవుడును అలాగే బస్తాల్లో వదిలేస్తే కొన్ని వారాల్లో నూనెలో సగానికి పైగా ఆమ్లంగా మారిపోవచ్చు. దీనికి విరుగుడు వేడి. సుమారు 130 డిగ్రీల దగ్గర తవుడును కొన్ని క్షణాల పాటు ఎక్స్‌ట్రూడర్ గుండా నొక్కి పంపి, ఆ వేడిమీదే కొద్ది నిమిషాలు ఉంచితే ఎంజైము పనిచేయడం మానేస్తుంది. ఇందులో రెండో లాభం కూడా ఉంది. మెత్తటి తవుడు గుండా ద్రావకం సరిగా దిగదు, ఎక్స్‌ట్రూడర్ నుంచి వచ్చిన గుల్ల గుళికల గుండా మాత్రం చక్కగా దిగుతుంది.

ఉప్పుడు బియ్యం సంగతి వేరు. ధాన్యాన్ని ఆవిరితో ఉడికించినప్పుడే లైపేజ్ చచ్చిపోతుంది కాబట్టి ఆ తవుడు చాలా నెమ్మదిగా చెడుతుంది, నూనె శాతం కూడా పచ్చి బియ్యపు తవుడు కన్నా ఎక్కువగా ఉంటుంది. ఇడ్లీకీ భోజనానికీ ఉప్పుడు బియ్యం వాడే చెన్నైలో ఇది దొరకడం కష్టం కాదు. అయితే ఉడికించడం వల్ల ఆ నూనె ముదురు రంగులో వస్తుంది, ఆ రంగు విరగడానికి బ్లీచింగ్ మట్టి ఎక్కువ కావాలి. అందువల్ల రెండు రకాల తవుడునూ విడివిడిగా తీసుకుని, విడివిడిగానే పని చేయాలని నిర్ణయించాము.

కొలతల విషయంలో ఒక జాగ్రత్తను ఇక్కడే రాసి పెట్టుకుంటున్నాను. తవుడు నూనెలో సహజంగా ఉండే ఓరిజనాల్ అనే పదార్థం ఫీనాల్ స్వభావం గలది, అంటే బలహీనమైన ఆమ్లంలా ప్రవర్తిస్తుంది. మామూలుగా వాడే ఫినాఫ్తలీన్ సూచికతో టైట్రేషన్ చేస్తే, అంటే క్షారం చుక్కలతో ఆమ్లాన్ని కొలిస్తే, అది కూడా ఆమ్లం లెక్కలోకి వచ్చి, ఎఫ్ఎఫ్ఏ ఉన్నదాని కన్నా ఎక్కువగా కనబడుతుంది. మంచి నూనెను చెడ్డ నూనెగా చూపించే ఈ తేడా మనలాంటి పనికి ముఖ్యమైనది కాబట్టి, మొదటి బ్యాచి నుంచే ఆల్కలీ బ్లూ సూచికను వాడుతున్నాము.

ఫిబ్రవరి: ద్రావకం

పెద్ద కర్మాగారాలన్నీ హెక్సేన్‌తోనే నూనె తీస్తాయి. అది పెట్రోలియం నుంచి వచ్చేది, సున్నాకు 20 డిగ్రీలకు పైగా దిగువన కూడా దాని ఆవిరి నిప్పు అంటుకోగలదు. శుద్ధి చేసిన నూనెలో దాని అవశేషం 5 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఐదు) మించకూడదని మన ఆహార నిబంధన. మా షెడ్డు చుట్టూ వెల్డింగు దుకాణాలు ఉన్నందున హెక్సేన్ ఆలోచనే పెట్టుకోలేదు. ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతులు కావాలి. మిగిలింది ఐసోప్రొపనాల్ అనే మరో ఆల్కహాల్.

మొక్కల నుంచి వచ్చే ద్రావకాలు, ఆల్కహాల్ ద్రావకాలు అనగానే పర్యావరణానికి మేలే అని రాసేస్తున్నారు గాని, ఉష్ణం లెక్క చూస్తే విషయం అంత తేలికగా లేదు. ఒక కిలో హెక్సేన్‌ను మరుగుస్థానం దగ్గర ఆవిరి చేయడానికి సుమారు 335 కిలోజౌళ్లు చాలు, ఇథనాల్‌కు దాదాపు 850 కావాలి, ఐసోప్రొపనాల్‌ది ఆ రెండింటి మధ్య స్థానం. ద్రావకాన్ని ఆవిరి చేసి తిరిగి పట్టుకోవడమే ఈ దశలో పెద్ద ఖర్చు కాబట్టి, అందుకు కావలసిన వేడి బొగ్గుతో వచ్చేదైతే ద్రావకం మార్చినందువల్ల మిగిలేది ఏమీ ఉండదు. అయితే ఆల్కహాళ్లకు ఒక గుణం ఉంది. వేడిగా ఉన్నప్పుడు నూనెను కలుపుకుని, చల్లబడగానే దానిని చాలావరకు వదిలేస్తాయి. నీటి శాతం సరిగా చూసుకుంటే ద్రావకాన్నంతా ఆవిరి చేయనక్కరలేకుండా, చల్లార్చి అడుగున చేరిన నూనెను విడదీయవచ్చు. మా ట్యాంకులో ఈ పద్ధతి పనిచేస్తోంది. చెన్నై గాలిలోని తేమ మాత్రం ద్రావకంలోకి చేరుతూ ఉంటుంది, అది పెరిగేకొద్దీ వేడి ద్రావకంలో కూడా నూనె సరిగా కరగదు.

సూపర్‌క్రిటికల్ స్థితిలోని, అంటే వాయువుకూ ద్రవానికీ మధ్యస్థంగా ఉండే కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఆకర్షణీయమైనది. 31 డిగ్రీల వేడి, 74 బార్ల పీడనం (గాలి పీడనానికి సుమారు 74 రెట్లు) దాటితే అది ద్రావకంలా పనిచేస్తుంది, జిగురును కరిగించుకోదు గనుక నూనె శుభ్రంగా వస్తుంది. అయితే నూనె తీయడానికి వాస్తవంగా 300 బార్లు, ఆ పైన పీడనం కావాలి, ఆ పాత్రల ధర తవుడు నూనె ధరకు తగినది కాదు. సుగంధ ద్రవ్యాల సారాలకు అది సరిపోతుంది. వంటనూనెల విషయంలో ఇంకొన్నేళ్ల పాటు హెక్సేనే నిలుస్తుందని, దాని నష్టాన్ని తగ్గించడమే నిజమైన మెరుగుదల అని నా అంచనా.

మార్చి: జిగురు

ముడి నూనెలోని ఫాస్ఫోలిపిడ్లను మిల్లుల్లో జిగురు అనీ గమ్స్ అనీ అంటారు. వీటిలో కొన్ని వేడి నీరు తగలగానే ఉబ్బి విడిపోతాయి. కాల్షియం, మెగ్నీషియంలతో ముడిపడినవి అలా విడిపోవు, వాటిని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కదిలించి, తరువాత క్షారంతో కడగడం పాత పద్ధతి. జిగురు వెళ్లిపోతూ తన బరువుకు తగినంత మంచి నూనెను కూడా పట్టుకుపోతుంది. తవుడు నూనెలో గ్లైకోలిపిడ్లు కూడా ఉండటం వల్ల నీరూ నూనే మజ్జిగలా కలిసిపోయి విడిపోకుండా మొండికేస్తాయి, నష్టం ఇంకా పెరుగుతుంది.

ఎంజైముతో జిగురు తీయడం కొత్త సంగతేమీ కాదు. 1990ల తొలినాళ్లలో జర్మనీకి చెందిన లుర్గి సంస్థ పంది క్లోమం నుంచి తీసిన ఫాస్ఫోలిపేజ్ అనే, ఫాస్ఫోలిపిడ్లను తెంచే ఎంజైముతో దీనిని పరిశ్రమ స్థాయికి తెచ్చింది. ఆ మూలం కారణంగానూ, సరఫరా పరిమితి వల్లనూ అది విస్తరించలేదు. తరువాత శిలీంధ్రాల జన్యువులతో రూపొందించి, ఆస్పర్‌జిల్లస్ బూజులో పెంచే ఎంజైములు వచ్చాక దారి సుగమమైంది. తవుడు నూనెకు తగినట్టుగా ఈ పద్ధతిని మలిచి మిల్లులకు అందించిన ఘనత హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థది, అదే ఐఐసీటీది. తార్నాకలో జరిగిన ఆ పనికి మన పాఠకులలో రావలసినంత గుర్తింపు రాలేదన్నది నా ఫిర్యాదు.

మేము అనుసరిస్తున్న క్రమం ఇలా ఉంది. నూనెను 70 డిగ్రీలకు వేడిచేసి కొద్దిగా సిట్రిక్ ఆమ్లం కలిపి, గట్టిగా చిలికి, 50 డిగ్రీల దాకా చల్లార్చి, ఆమ్లత్వాన్ని ఎంజైముకు అనుకూలమైన స్థాయికి సర్దుతాము. ఆపైన నూనె బరువులో రెండు శాతం దాకా నీరు, లక్షలో మూడు నుంచి ఐదు పాళ్ల ఎంజైము ద్రావణం కలిపి కొన్ని గంటలు మెల్లగా తిప్పుతాము. ఎంజైము ప్రతి ఫాస్ఫోలిపిడ్ నుంచి ఒక కొవ్వు ఆమ్లాన్ని తెంచివేస్తే, మిగిలిన భాగం నీటిని ఇష్టపడేదిగా మారి సెంట్రిఫ్యూజ్‌లో సులువుగా విడిపోతుంది. ఆ జిగురు పలచగా ఉంటుంది, నూనెను పెద్దగా పట్టుకోదు. తరువాతి దశలో క్షారం లేకుండా పోవాలంటే నూనెలో ఫాస్ఫరస్ 10 పీపీఎం కన్నా తగ్గాలి, 5కు తగ్గితే ఇంకా మంచిది. తాజా తవుడు నూనె తేలికగానే ఆ గీత దాటుతోంది. పట్టిన మర్నాడు వచ్చిన తవుడు నూనెకు మాత్రం ఎంజైము, సమయం రెండూ ఎక్కువ కావలసి వస్తున్నాయి.

ఎంజైము పనికి చిలకడం ప్రాణం. నూనెలో నీటి బిందువులు ఎంత చిన్నవైతే ఎంజైము నిలబడే సరిహద్దు అంత పెరుగుతుంది. పెద్ద ప్లాంట్లలో దీనికి ప్రత్యేక మిక్సర్లు ఉంటాయి, మా దగ్గర ఉన్నది ఒక సౌందర్య సాధనాల కర్మాగారం అమ్మివేసిన హోమోజనైజర్.

నీటి గురించి కూడా ఒక మాట రాయాలి. మా షెడ్డు బోరు నీటిలో క్లోరైడ్లు ఎక్కువ. నూనెలో చేరిన క్లోరిన్ సమ్మేళనాలు చివరి వేడి దశలో 3-ఎంసీపీడీ అనే హానికర పదార్థానికి ముడిసరుకు అవుతాయి. అందువల్ల ఈ దశలో ఖనిజాలు తీసిన నీటినే వాడుతున్నాము. ఖర్చు కొంచెమే, ఎందుకంటే క్షారపు పద్ధతిలో సబ్బును కడగడానికి వాడే నీటితో పోలిస్తే ఇక్కడి నీరు చాలా తక్కువ.

ఏప్రిల్: ఆమ్లం, ఆవిరి, ఒక చిక్కు

ఈ నెల పనే అన్నిటికన్నా ఆలోచింపజేసింది. కొవ్వు ఆమ్లాలను తీయడానికి రెండు దారులున్నాయి. మొదటిది కాస్టిక్ సోడాతో వాటిని సబ్బుగా మార్చి విడదీయడం. ఈ సబ్బు మడ్డితో పాటు మంచి నూనె కూడా పోతుంది, కడిగిన నీరు మురుగునీటి శుద్ధికి భారమవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఓరిజనాల్‌ది. ముడి తవుడు నూనెలో అది ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. ఈ నూనెకు ఉన్న మంచి పేరులో సగం దానిదే. ఫీనాల్ స్వభావం వల్ల అది కూడా క్షారంతో కలిసి సబ్బు మడ్డిలోకి చాలావరకు వెళ్లిపోతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

రెండోది భౌతిక శుద్ధి. నూనెను గాఢ శూన్యంలో 230 నుంచి 260 డిగ్రీల దాకా వేడిచేసి, అందులోకి ఆవిరిని పంపితే కొవ్వు ఆమ్లాలు వాసనతో పాటు ఎగిరిపోతాయి, ఓరిజనాల్ చాలావరకు నూనెలోనే ఉండిపోతుంది. సబ్బు లేదు, కడిగే నీరు లేదు. పైన పట్టుకున్న కొవ్వు ఆమ్లాలకూ, వాటితో వచ్చే టోకోఫెరాళ్లు, స్టెరాళ్లు, స్క్వాలీన్‌లకూ వేరే గిరాకీ ఉంది. కాగితం మీద ఇది నిస్సందేహంగా మెరుగైన దారి.

చిక్కు ఆ వేడిలో ఉంది. 230 డిగ్రీలు దాటితే నూనెలోని డైగ్లిజరైడ్ల నుంచి గ్లైసిడిల్ ఎస్టర్లు పుడతాయి. ఇవి జీర్ణమయ్యేటప్పుడు విడుదలయ్యే గ్లైసిడాల్ జన్యుపదార్థానికి హాని చేయగలది కాబట్టి, యూరోపియన్ యూనియన్ 2018లో వంటనూనెల్లో వీటికి కిలోకు 1,000 మైక్రోగ్రాముల పరిమితి విధించింది. డైగ్లిజరైడ్లు ఎక్కడివంటే, లైపేజ్ నూనె అణువు నుంచి ఒక కొవ్వు ఆమ్లాన్ని తెంచినప్పుడల్లా మిగిలేది డైగ్లిజరైడే. అంటే మిల్లులో ఆలస్యమైన తవుడు రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. తీయవలసిన ఆమ్లం పెరిగినందువల్ల ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావలసి వస్తుంది. అదే వేడిలో హానికర పదార్థంగా మారే ముడిసరుకూ పెరిగి ఉంటుంది. తవుడు నూనెలో ఈ ఎస్టర్లు ఎక్కువగా కనిపిస్తాయన్న ఆరోపణకు కారణం ప్లాంటులో కాక రెడ్‌హిల్స్ బస్తాల్లో వెతకాలన్నమాట.

ఈ వెలుగులో కొత్త ఎంజైముల ప్రచారాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. జిగురు తీయడానికి ఫాస్ఫోలిపేజ్-సీ అనే మరో రకం ఎంజైము ఉంది. అది ఫాస్ఫోలిపిడ్‌ను తెంచినప్పుడు మిగిలే డైగ్లిజరైడ్ నూనెలోనే ఉండిపోతుంది కాబట్టి దిగుబడి పెరుగుతుందని అమ్మకందారులు చెబుతారు. అది నిజమే. సోయా నూనెలో ఆ లాభం నిలుస్తుంది, ఎందుకంటే దానిలో ఆమ్లం తక్కువ కాబట్టి అంత వేడి పెట్టనక్కరలేదు. తవుడు నూనెకు మాత్రం ఇప్పటికే ఎక్కువగా ఉన్న డైగ్లిజరైడ్‌కు ఇది మరికొంత జోడిస్తుంది. అదేవిధంగా, కొవ్వు ఆమ్లాలను ఎగరగొట్టకుండా గ్లిజరిన్‌తో కలిపి లైపేజ్ సాయంతో మళ్లీ నూనెగా మార్చే పద్ధతి వినడానికి ఎంతో సుందరమైనది, నష్టమే ఉండదు. కాని అక్కడ కూడా డైగ్లిజరైడ్లు పెరుగుతాయి. దిగుబడి ఒక్కటే చూస్తే ఇవి రెండూ గెలుస్తాయి, తినేవాడి ఆరోగ్యాన్ని లెక్కలో కలిపితే గెలుపు సందేహం.

మా షెడ్డులో 260 డిగ్రీల డీఓడరైజర్ (ఆవిరితో ఆమ్లం, వాసన తీసే పాత్ర) పెట్టే స్థోమత లేదు. ఎగిరిన ఆవిరి కొద్ది దూరంలోనే చల్లబడే చిన్న షార్ట్‌పాత్ స్వేదన యూనిట్‌ను గాఢ శూన్యంలో నడుపుతున్నాము. శూన్యం ఎంత గాఢమైతే ఆమ్లాలు అంత తక్కువ వేడికే ఎగురుతాయి, నూనె వేడిమీద నిలిచేది నిమిషాల లెక్కలోకి వస్తుంది. ఈ యూనిట్‌తో ఎఫ్ఎఫ్ఏ మూడు శాతం లోపు ఉన్న నూనెను 220 డిగ్రీలు దాటకుండా శుద్ధి చేయగలుగుతున్నాము. ఎనిమిది శాతం ఉన్న నూనెకు అది చాలడం లేదు, రెండోసారి పంపవలసి వస్తోంది. మా యూనిట్‌కు సంబంధించినంత వరకు ఆ రెండు అంకెల మధ్య దూరమే మొత్తం వ్యవహారం.

బ్లీచింగ్ మట్టి గురించి క్లుప్తంగా రాస్తాను. వాడిన మట్టి తన బరువులో ఐదో వంతు, అంతకన్నా ఎక్కువ నూనెను పట్టుకుని ఉంటుంది, గాలి తగిలేలా కుప్పపోస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. చెన్నై ఏప్రిల్ ఎండలో దానిని మూత ఉన్న డ్రమ్ములో తడిపి ఉంచడం తప్ప వేరే మార్గం లేదు. ఉప్పుడు తవుడు నూనెకు మట్టి వాడకం పెరగడం నాకు ఇష్టం లేని సంగతి.

మే: మైనం

తవుడు నూనెలో రెండు నుంచి నాలుగు శాతం దాకా మైనం ఉంటుంది. చల్లటి రోజుల్లో సీసా అడుగున తెల్లగా పేరుకునేది అదే. కొనేవారు దానిని కల్తీ అనుకుంటారు కాబట్టి నూనెను మెల్లగా 15 నుంచి 20 డిగ్రీల దాకా చల్లార్చి, మైనపు స్ఫటికాలు ఎదగనిచ్చి వడపోస్తారు. బయట ఎండ 40 డిగ్రీలకు చేరువగా ఉన్నప్పుడు ఈ పని చేయడానికి చిల్లర్ కరెంటు బిల్లు చూస్తే, ఈ తీసివేత వినియోగదారు కంటి కోసమే జరుగుతున్నదని గుర్తుకు వచ్చి చిరాకు కలుగుతుంది. వేయించడానికి వాడే నూనెలో మైనం ఉంటే నష్టమేమీ లేదు. అయినా మాకు మైనమే కావాలి కాబట్టి ఫిర్యాదు ఇక్కడికి చాలిస్తున్నాను.

వడపోతలో వచ్చే ముద్దలో మైనం కన్నా నూనే ఎక్కువ. దానిని వెచ్చటి ఐసోప్రొపనాల్‌తో కడిగి, మళ్లీ చల్లార్చి, మిగిలిన గట్టి భాగాన్ని ఆరబెట్టాము. 80 డిగ్రీల దగ్గర కరిగే గోధుమరంగు మైనం వచ్చింది. దాని రంగును పూర్తిగా తెల్లబరచడానికి పెరాక్సైడ్ వాడతారు, మేము ఆ దారి పట్టలేదు. బిస్కత్తులో ఆ లేత గోధుమరంగు కనబడదు.

జూన్, జులై: గట్టి కొవ్వు

డాల్డా 1937లో మన వంటింటికి వచ్చినప్పటి నుంచి, ద్రవ నూనెను నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించడమే చవకైన మార్గంగా ఉండేది. సగంలో ఆపిన హైడ్రోజనీకరణతో పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటని తేలాక, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి పరిమితిని 2021 జనవరి నుంచి మూడు శాతానికి, 2022 జనవరి నుంచి రెండు శాతానికి తగ్గించింది. ఖాళీ అయిన ఆ చోటును ఎక్కువగా నింపింది పామాయిల్‌లోని గట్టి భాగమైన పామ్ స్టియరిన్. ట్రాన్స్ పోయింది గాని సంతృప్త కొవ్వు, దిగుమతి రెండూ మిగిలాయి. లైపేజ్ ఎంజైముతో కొవ్వు ఆమ్లాల స్థానాలను మార్చి, హైడ్రోజన్ లేకుండానే తగిన గట్టిదనం తెచ్చే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో ఏడీఎం, నోవోజైమ్స్ సంస్థలకు 2005లో అధ్యక్షుని హరిత రసాయనశాస్త్ర పురస్కారం లభించింది దీనికే. అయితే దానికి కూడా ఏదో ఒక గట్టి కొవ్వు ముడిసరుకుగా ఉండి తీరాలి.

నూనెను మైనంతో ముద్దకట్టించే మా మార్గం, అంటే ఓలియోజెల్ మార్గం, వేరు. నూనెలో కొద్ది శాతం మైనాన్ని 90 డిగ్రీల దగ్గర కరిగించి చల్లార్చితే, మైనం పొడవాటి సూదుల్లాంటి స్ఫటికాలుగా ఎదిగి, వాటి వలలో నూనె చిక్కుకుని ముద్దగా నిలుస్తుంది. నూనె మాత్రం రసాయనికంగా ఏమీ మారదు. తవుడు మైనం ఈ పనిలో చాలా సమర్థమైనది, ఒకటి రెండు శాతానికే నూనె పారడం మానేస్తుంది. బేకరీకి తగిన గట్టిదనానికి ఏడు శాతం దాకా వెళ్లాము. అంతకు మించితే అంగిలికి మైనం అంటుకున్నట్టు తెలుస్తోంది. చల్లబడుతున్నప్పుడు కదిలిస్తే వల తెగి ముద్ద మెత్తబడుతుంది, కాబట్టి డబ్బాలో పోసిన తరువాత కదపకుండా చల్లార్చడమే మేలు.

పరీక్షకు చెన్నైలోని పాడి అనే ప్రాంతం దగ్గర చిత్తూరు జిల్లా వారు నడిపే ఒక బేకరీ ఒప్పుకుంది. ఉప్పు బిస్కత్తులలో ఫలితం బాగుంది. పిండి కాస్త మెత్తగా ఉంది, ఓవెన్‌లో బిస్కత్తు కొంచెం ఎక్కువగా పరచుకుంది, రుచిలో తేడా పట్టిన వారు లేరు. పఫ్‌లలో మాత్రం నిలబడలేదు. అక్కడి మేస్త్రీ పిండిని మడతపెట్టి కర్రతో వత్తుతూ, "డాల్డా అయితే పొర మీద పొర పడుతుంది సార్. ఇది వత్తేకొద్దీ నూనె కక్కుతుంది" అన్నాడు. అతను చెప్పింది శాస్త్రీయంగా కూడా సరైనదే. పొరల పిండికి కావలసినది వత్తిడికి సాగుతూ తెగని కొవ్వు. మైనపు వల వత్తిడికి తెగుతుంది, తిరిగి కట్టుకోదు. క్రీమ్ కేకుల్లో కూడా గాలిని పట్టి ఉంచే చిన్న కొవ్వు స్ఫటికాలు దీనిలో ఉండవు. ఓలియోజెల్ వనస్పతికి అన్ని చోట్లా ప్రత్యామ్నాయమని రాసేవారు ఒక్కసారి పఫ్ చేసి చూడాలి.

ఆ బేకరీ యజమాని మాటల సందర్భంలో తమ ఊరి పక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు గుట్టలుగా పడే టెంకల సంగతి ఎత్తారు. మామిడి జీడిలో పది శాతం అటూఇటూగా కొవ్వు ఉంటుంది. స్టియరిక్, ఓలిక్ ఆమ్లాలు నిండుగా ఉండి, గది వేడికి గట్టిగా ఉండి నోటిలో కరిగే ఈ కొవ్వును చాక్లెట్ పరిశ్రమ కోకో వెన్నకు తోడుగా ఎప్పటి నుంచో వాడుతోంది. ఓలియోజెల్‌లో దీనిని నాలుగో వంతు కలిపి చేసిన ముద్దతో పఫ్ పొరలు పూర్తిగా కాకపోయినా విడివిడిగా లేచాయి. మేస్త్రీ దీనిని మళ్లీ చేస్తానన్నాడు, అది చిన్న అంగీకారం కాదు. ఇక్కడ కూడా సమస్య పాతదే. టెంకలను వెంటనే పగలగొట్టి జీడిని ఎండబెట్టకపోతే బూజు పడుతుంది, ఆమ్లం పెరుగుతుంది. మాకు వచ్చిన మొదటి బస్తాలోని జీడి నూనె ఎఫ్ఎఫ్ఏ చూసి సగం పక్కన పెట్టాము.

ఈస్టు ద్వారా కొవ్వు పండించే పద్ధతిని పరిశీలించమని బృందంలో ఒకరు సూచించారు. నూనె పేర్చుకునే ఈస్టులకు చక్కెర నుంచి సిద్ధాంతరీత్యా దక్కే దిగుబడి దాదాపు మూడో వంతు, ఆచరణలో ఐదో వంతు వస్తే గొప్ప. కిలో కొవ్వుకు ఐదు కిలోల చక్కెర, ఆపైన గాలి, కరెంటు ఖర్చు పెట్టి వనస్పతితో పోటీ పడలేము. ఖరీదైన కోకో వెన్న వంటి కొవ్వులకైతే మాట వేరు. ఈ అంశాన్ని ఇంతటితో పక్కన పెట్టాము.

ఆగస్టు: చోటు మార్పు

లెక్కలన్నీ ఒకచోట పెట్టి చూశాక స్పష్టమైనదేమంటే, మా ఖర్చులోనూ, నష్టంలోనూ పెద్ద భాగాన్ని నిర్ణయిస్తున్నది అంబత్తూరులోని ఏ యంత్రమూ కాదు, తవుడు పాలిష్ నుంచి పడిన క్షణం మొదలు దానికి వేడి తగిలేదాకా గడిచిన సమయం. అదీగాక ఉప్పుడు బియ్యం మిల్లులో ఊకతో నడిచే బాయిలర్ ఉంటుంది, ఆవిరి అక్కడే పుడుతుంది. మేము ఇక్కడ కరెంటుతో చేస్తున్న వేడిని అక్కడ పొలం నుంచి వచ్చిన ఊకే ఇవ్వగలదు. అందువల్ల ఎక్స్‌ట్రూడర్‌ను రెడ్‌హిల్స్ మిల్లులో పాలిషర్ పక్కనే పెట్టాలని నిర్ణయించాము. ద్రావకం, ఎంజైము, మైనం దశలు ఇక్కడే ఉంటాయి.

మిల్లు యజమాని ఒప్పుకున్నారు గాని మూడు షరతులు పెట్టారు. బాయిలర్ ఆవిరిని ధాన్యం ఉడికించే వేళల్లో అడగకూడదు, గుళికలకు దాణా తవుడు కన్నా బస్తాకు ఎక్కువ ధర ఇవ్వాలి, నూనె తీసిన తవుడును తిరిగి ఆయన దాణా వ్యాపారులకే ఇవ్వాలి. మొదటిదానికి వేళలు సర్దుకుంటున్నాము, మూడోది మాకూ అనుకూలమే. ధర విషయంలో తవుడు బరువును బట్టి కాక ఎఫ్ఎఫ్ఏను బట్టి చెల్లిస్తామని మేము ప్రతిపాదించాము. మూడు శాతం లోపు ఒక ధర, ఐదు లోపు మరొకటి, అంతకు మించితే మామూలు దాణా ధర. పరీక్ష ఎవరి దగ్గర, ఏ సూచికతో జరగాలన్నది ఇంకా తేలలేదు. ఆల్కలీ బ్లూతో టైట్రేషన్ చేయడం మిల్లు గుమాస్తాకు నేర్పిస్తానని చెప్పాను, బ్యూరెట్టు, సూచిక సీసాలు వచ్చే వారం రెడ్‌హిల్స్‌కు చేరతాయి.